కెమెరా ముందు ప్రేమకుమారి

యలహంక పాత ఊరిలో, ఇనుప సామాన్ల అంగడి పైన రెండు గదుల ఆఫీసొకటి ఉండేది. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో చెప్పే డిగ్రీ చదువులకు అది సహాయ కేంద్రం. ఆ చదువులో చేరాలనుకున్నవాళ్ళు ముందుగా అక్కడికొచ్చి ఫర్హానా ఎదురుగా కూర్చోవాలి. ఇంట్లోనే ఉండి, ఫోనో లాప్‌టాపో ముందు పెట్టుకుని మూడేళ్ళు చదువు సాగించగల స్థితిలో వాళ్ళు ఉన్నారో లేదో ఆమె కనుక్కోవాలి. లేకపోతే ఏం సర్దుకోవాలో చెప్పాలి. అదీ ఆమె ఉద్యోగం.

ఫర్హానాది కదిరి దగ్గర పల్లె. తండ్రి మహబూబ్ బాషా పరుపులు కుట్టి ఆడపిల్లలను చదివించాడు. పెళ్ళయి బెంగళూరు వచ్చాక ఫర్హానా తానూ ఆన్‌లైన్‌లోనే ఎంబీఏలో చేరి, సగంలో వదిలేసింది. తెలివి చాలక కాదు. చంకలో బిడ్డ, షిఫ్టు దిగొచ్చి పగలంతా పడుకునే భర్త ఫయాజ్, గోడ అవతల ఎప్పుడూ మోగుతుండే టీవీ. లెక్చరరు చెప్పేది వినబడేది కాదు, వినబడినా తలకెక్కేది కాదు. ఆ చదువు ఎక్కడ చేజారిందో ఆమెకు బాగా గుర్తు. అందుకే ఈ పని ఆమెకు అంత త్వరగా పట్టుబడింది.

హెడ్డాఫీసు ఇచ్చిన ప్రశ్నలు తేలికైనవి. ఫోనుందా, నెట్టుందా, టైపు చేయడం వచ్చా, రోజూ కాస్త సమయం కేటాయించగలరా. వచ్చిన ప్రతివాళ్ళూ అన్నిటికీ ఉందనే అనేవాళ్ళు. చదువు మీద ఆశతో మెట్లెక్కి వచ్చినవాళ్ళు లేదని ఎందుకంటారు? ఫర్హానా ఆ ప్రశ్నలు ముగించి, వేరేగా మొదలుపెట్టేది. సాయంత్రం క్లాసు వేళకు మీ ఇంట్లో ఎవరెవరుంటారు? అప్పుడు ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? పొయ్యి దగ్గర ఎవరుంటారు? మీరు తలుపేసుకుంటే ఎవరొచ్చి తడతారు?

అన్నీ విన్నాక ఒక వారం గడువు పెట్టేది. "ఫీజు ఇప్పుడే కట్టకండి. ఈ వారం రోజూ క్లాసు టైముకి, మీరు ఎక్కడ కూర్చుని చదవాలనుకుంటున్నారో అక్కడే కూర్చోండి. నేనొక పాఠం వీడియో పంపిస్తా, చూడండి. ఎందుకు లేవాల్సి వచ్చిందో గుర్తుపెట్టుకుని నాకొచ్చి చెప్పండి."

ఆ వారం తర్వాత కొందరు మళ్ళీ కనిపించేవాళ్ళు కాదు. కొందరు వచ్చి, మాకిది కుదిరే పని కాదు మేడమ్ అని చెప్పి వెళ్ళేవాళ్ళు. కేంద్రం మేనేజరు అశోక్‌కుమార్‌కు ఇది మింగుడుపడేది కాదు.

"మీరు అడ్మిషన్స్ తెస్తున్నారా, వచ్చినవాళ్ళని వెనక్కి పంపిస్తున్నారా?" అనేవాడు.

కానీ ఫర్హానా చేర్చినవాళ్ళు మధ్యలో మానేవాళ్ళు కాదు. మిగతా కేంద్రాల్లో చాలామంది మొదటి ఏడాదే మాయమైపోయేవాళ్ళు. అందుకని ఆయన సణుగుతూనే ఊరుకునేవాడు.

అట్లా వచ్చినవాళ్ళలో ప్రేమకుమారి ఒకతె. ముప్పై దాటిన మనిషి, సన్నగా ఉండేది. ముదురాకుపచ్చ నర్సింగ్‌హోమ్ చీర మీదే వచ్చి, కుర్చీ అంచున కూర్చుంది. అక్కడ వార్డులో ఆయాగా చేస్తోంది. తాతల కాలం నుంచీ యలహంకలోనే ఉన్న తెలుగు కుటుంబం వాళ్ళది. పీయూసీ, అంటే ఇంటరు, పాసై పెళ్ళితో చదువాపేసింది.

"ఎందుకు చదవాలనుకుంటున్నావమ్మా?" అని ఫర్హానా అడిగింది.

"రోగుల్ని ఎత్తేది, దించేది, తుడిచేది. ఇదే పని మేడమ్. నా నడుము పోయింది. బిల్లింగ్ కౌంటర్లో ఒక కుర్చీ ఖాళీ అయ్యేట్ల ఉండాది. దానికి ఇంగా రెండు మూడేండ్లు పడతాది, అంతలోపల డిగ్రీ ఉంటే చూస్తామన్నారు. కూసోని చేసే పని మేడమ్ అది."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నా భర్త చిక్కపేటలో మూటలు మోస్తాడు. పొద్దున్నే పోయి చీకటిపడినాక వస్తాడు. మా అత్త ఉండాది. లకవా కొట్టి, కాలూ చెయ్యీ పడిపోయి మంచంలో ఉండాది. నేను డ్యూటీకి పోయినప్పుడు పక్క గది నేత్రావతక్క చూసుకుంటాది."

"గదులెన్ని?"

ప్రేమకుమారి చీర కొంగు సర్దుకుంది. "ఒకటే మేడమ్," అంది చివరికి. "దానికి సీటు ఇయ్యరా?"

"ఇస్తారు. నువ్వు చదవగలవా లేదా అన్నదే నేను చూసేది. ఒక వారం కూర్చుని చూడు."

వారం తర్వాత ప్రేమకుమారి ముఖం వేలాడేసుకుని వచ్చింది. "ఒక్క పాఠం గూడా పూర్తిగా చూడలేకపోయినా మేడమ్. అత్త పిలస్తానే ఉంటాది. నీళ్ళకి కాదు, దేనికీ కాదు. ఊరికే పిలస్తాది. నేను పోయి ముఖం చూపిస్తే సాలు, ఊరుకుంటాది. స్వల్ప సేపయినాక మళ్ళీ పిలస్తాది."

ఆమె అత్త పేరు దొడ్డమ్మ. ఒకప్పుడు యలహంక సంతలో పూలు అమ్మేది. నోరుగల మనిషి. కోడలిని ఏమే, ఒసే అనడమే తప్ప పేరు పెట్టి పిలిచి ఎరగదు. లకవా కొట్టాక మాటలన్నీ పోయి ఒక్క మాట మిగిలింది. ప్రేమా. ఆకలేసినా, దోమ కుట్టినా, వానొచ్చినా, ఏమీ లేకపోయినా ఆ ఒక్క మాటే. మొదట్లో ఆ పిలుపుకి ప్రేమకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగేవట. తర్వాత తర్వాత చెవులకు అలవాటైపోయింది.

ఆదివారం ఫర్హానా వాళ్ళింటికి వెళ్ళింది. ఉద్యోగంలో అట్లా వెళ్ళాలని ఏమీ లేదు. గదిలో కిటికీ కింద దొడ్డమ్మ మంచం, ఎదురు గోడకు పొయ్యి, మధ్యలో ఒక చాప పట్టేంత చోటు. బయట మేడ మీదికి మెట్లున్నాయి. పైన నీళ్ళ ట్యాంకు పక్కన రేకు నీడ ఉంది. పక్క గదిలో నేత్రావతి జాకెట్లకు హెమ్మింగు చేసి బతుకుతోంది. ఫర్హానా ఆమెతో మాట్లాడింది.

"దానికేముండాది? నా పని ఎత్తుకోనొచ్చి ఆయమ్మ మంచం దగ్గిరే కూసుంటా. ఈమె మేడ మీద చదువుకోనీ," అంది నేత్రావతి.

మరుసటి వారం అట్లాగే చేసి చూశారు. ప్రేమకుమారి ఆఫీసుకొచ్చి, పాఠాలన్నీ పూర్తిగా చూశానని, లేవాల్సిన అవసరమే రాలేదని చెప్పింది. పాఠంలో ఏముందని ఫర్హానా అడిగితే గడగడా అప్పజెప్పింది.

"ఇంకేం, చేరు. నువ్వు చదవగలవు," అంది ఫర్హానా.

ఆమె నిజంగానే చదివింది. వానాకాలం గొడుగు కింద, చలికాలం భర్త దుప్పటి కప్పుకుని ట్యాంకు పక్కన కూర్చునేది. అకౌంట్లు అర్థం కాకపోతే ఆఫీసుకొచ్చి ఫర్హానాను అడిగేది. మేడమ్ అనే పిలుపు పోయి అక్కా అనే పిలుపు వచ్చింది. మొదటి ఏడాది పరీక్షలు ఊళ్ళో ఒక కాలేజీ హాల్లో పెట్టారు. అన్నీ పాసైంది. ఆ రోజు బాలరాజు, అంటే ఆమె భర్త, చిక్కపేట నుంచి మిఠాయి పొట్లం తెచ్చి, ఆఫీసు మెట్ల దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహమాటపడి భార్య చేత పంపాడు.

రెండో ఏడు యూనివర్సిటీ పద్ధతి మార్చింది. హాళ్ళు లేవు. పరీక్ష కూడా ఇంట్లోనే రాయాలి. లాప్‌టాప్ కెమెరా మనిషిని కనిపెట్టుకుని ఉంటుంది, మైకు చప్పుడు వింటుంది. గదిలో ఇంకో ముఖం కనబడినా, ఇంకో గొంతు వినబడినా, రాసేవాళ్ళు కుర్చీలోంచి లేచినా పరీక్ష ఆగిపోతుంది, లేదా తర్వాత విచారణ పెడతారు.

"ఒక్క గది ఇళ్ళవాళ్ళ సంగతేంటి సార్?" అని ఫర్హానా అడిగింది.

"అడ్జస్ట్ అవుతారు మేడమ్. మనకీ హాల్ రెంట్ తలనొప్పి తప్పింది కదా," అన్నాడు అశోక్‌కుమార్.

తాను ఇంతకాలం చదువుకు చోటుందా అని చూసిందే గాని, పరీక్షకు చోటుందా అని చూడలేదని ఫర్హానాకు అప్పుడు తట్టింది. తను చేర్చుకున్న ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఎక్కడ కూర్చుని రాస్తారో అడగడం మొదలుపెట్టింది. ఒకతను స్నేహితుడి అంగడి గోదాములో రాస్తానన్నాడు. ఒకామె చర్చివాళ్ళు గది ఇస్తామన్నారంది. ప్రేమకుమారికి నేత్రావతి తన గది ఇస్తానంది. ఆ సమయానికి ఆమె వచ్చి దొడ్డమ్మ దగ్గర కూర్చుంటుంది. ఆఫీసులో పడి ఉన్న పాత లాప్‌టాప్ ఒకటి ఫర్హానా తానే పూచీపడి ఇప్పించింది.

చివరిది తప్ప అన్ని పరీక్షలూ నేత్రావతి గదిలో సాఫీగా జరిగిపోయాయి. చివరి పరీక్ష రోజు పొద్దున ప్రేమకుమారి ఫోను చేసింది.

"అక్కా, నేత్రావతక్క తమ్ముడు ఆనేకల్ నుంచి వచ్చి ఉండాడు. ఒళ్ళు కాలిపోతా ఉండాది. వాంతులు. వాణ్ణి ఆ గదిలోనే పండబెట్టినారు. ఆయమ్మ వాణ్ణి వదిలేసి ఎట్లా వస్తాది? ఏమి చేసేది అక్కా?"

"బాలరాజన్న?"

"నిన్ననే లోడు దింపేదానికి తుమకూరు పోయినాడు. సాయంత్రానికి వస్తాడు."

ఫర్హానా ఒక క్షణం ఆలోచించింది. ఆఫీసుకు రమ్మందామంటే దొడ్డమ్మను ఎవరు చూస్తారు? తనే వెళ్ళి దొడ్డమ్మ దగ్గర కూర్చుందామంటే, ఆ ఒక్క గదిలో తన ముఖమో గొంతో కెమెరాకు దొరుకుతుంది. ఆ రోజు అడ్మిషన్ల రద్దీ కూడా ఉంది. పరీక్ష వదిలేస్తే మళ్ళీ ఆరు నెలలు ఆగాలి. అప్పటికి బిల్లింగ్ కుర్చీ ఉంటుందో ఉండదో.

"నీ గదిలోనే రాయి ప్రేమా. మంచానికి అడ్డం చీర కట్టు. అవ్వకు ముందే తినిపించి పడుకోబెట్టు. గంటన్నరే కదా. పిలిచినా లేవకు. గొంతు వినబడితే, మంచంలో ఉన్న మనిషని తర్వాత చెప్పుకోవచ్చు. నువ్వు లేస్తే కెమెరా కట్ చేస్తుంది, ఇన్ని రోజుల కష్టమూ పోతుంది. ఏమైనా సరే లేవకు."

"పిలస్తాది అక్కా."

"ఎప్పుడూ పిలిచేదే కదా. తర్వాత పోయి ముఖం చూపించు."

"సరే అక్కా," అంది ప్రేమకుమారి.

మధ్యాహ్నం పరీక్ష అయిపోయి ఉంటుందనుకుని ఫర్హానా ఫోను చేసింది. నేత్రావతి ఎత్తింది. దొడ్డమ్మ పోయిందని చెప్పింది.

ఫర్హానా ఆ సాయంత్రమే వెళ్ళింది. జనం మధ్య ప్రేమకుమారి గోడకానుకుని కూర్చుని ఉంది. బాలరాజు తుమకూరు నుంచి వచ్చి, తల్లి కాళ్ళ దగ్గర తల వంచుకుని ఉన్నాడు. ఏమైందని అడిగినవాళ్ళందరికీ నేత్రావతే చెబుతోంది. తిని పడుకుందట, నిద్రలోనే ప్రాణం పోయిందట, కష్టపడకుండా పోయింది పుణ్యాత్మురాలు. ప్రేమకుమారి ఆ మాటలకు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక ఫర్హానా మళ్ళీ వెళ్ళింది. గది ఖాళీగా ఉంది. మంచం మడిచి గోడకు ఆనించారు. ప్రేమకుమారి ఆమెను మేడ మీదికి తీసుకెళ్ళింది. ట్యాంకు పక్కన ఇద్దరూ కూర్చున్నారు. చాలాసేపు కింద సందులో పోయే బండ్లను చూస్తూ ఉన్నారు.

"పిలిచింది అక్కా," అంది ప్రేమకుమారి.

ఫర్హానా ఆమె వైపు తిరిగింది.

"ఎప్పుడూ పిలిచినట్లే పిలిచింది. ఇంగోసారి పిలిచింది. నేను లేవలేదు. తరవాత దగ్గింది. దగ్గు అట్లా ఇట్లా కాదు, మింగింది అడ్డం పడినప్పుడు వస్తాదే, ఆ దగ్గు. నాకు తెలస్తాది అక్కా. వార్డులో నేను చేసేది అదే పని కదా. పండుకున్నోళ్ళకి తినిపించినాక స్వల్ప సేపు కూసోబెట్టల్ల. ఆ దినం పరీక్షకి లేటయితాదని తొందరగా తినిపించినా. దిండ్లు ఆనించినా గాని, జారి ఉంటాది. దగ్గు విన్నప్పుడు లేవల్ల అనుకున్నా. ఈ ఒక్క ప్రశ్న అయినాక లేస్తా అనుకున్నా. అంతలోపల దగ్గు నిలిచిపోయింది. నిద్రపోయింది అనుకున్నా." ఆమె ఆగింది. "నిజంగా అట్లే అనుకున్నానో లేదో నాకు తెలీదు అక్కా. పరీక్ష పూర్తి చేసినా. మొత్తం రాసినా. ఆమీదట చీర తీసి చూసినా."

"లేవొద్దన్నది నేను ప్రేమా," అంది ఫర్హానా.

"నువ్వంటే ఏమి? చెవులు నావి కదా."

కాసేపటికి ప్రేమకుమారి మళ్ళీ అంది. "ఆయనకు తెలీదు. నేత్రావతక్కకీ తెలీదు. నిద్రలో పోయింది అని అందరూ అంటా ఉండారు, నేను ఊరకుండాను. ఆయన రోజూ పండుకునే ముందర అదే మాట చెప్పుకుంటాడు. అమ్మ కష్టపడలేదు అని. అది తీసేస్తే ఆ మనిషి బతకలేడు అక్కా. నువ్వు ఎవరికీ చెప్పొద్దు."

ఎవరికీ చెప్పనని ఫర్హానా మాటిచ్చింది.

నెల తిరగకుండానే యూనివర్సిటీ నుంచి నోటీసు వచ్చింది. చివరి పరీక్షలో గదిలో రెండో మనిషి గొంతు వినబడిందని, విచారణకు రమ్మని. విచారణ కూడా వీడియోలోనే. యలహంక ఆఫీసులో అశోక్‌కుమార్ గదిలోని పెద్ద తెర ముందు కూర్చోవాలి.

ఆ రోజు బాలరాజు పని మానుకుని వచ్చాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. బరువులు మోసి మోసి మెడ భుజాల్లోకి దిగిపోయిన మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"నేనూ లోపలికి వస్తా మేడమ్. ఈమె కాపీ కొట్టే మనిషి కాదు అని చెప్తా. ఆ దినం మా ఇంట్లో సావు అయింది అని చెప్తా. వాళ్ళూ మనుషులే కదా, వింటారు," అన్నాడు.

ప్రేమకుమారి ఫర్హానా వైపు చూసింది. లోపల ఆనాటి పరీక్ష రికార్డింగు వేసి వినిపిస్తారని ఇద్దరికీ తెలుసు.

"లోపలికి స్టూడెంటునీ నన్నూ మాత్రమే రమ్మన్నారు అన్నా," అంది ఫర్హానా. "మీరు కిందికెళ్ళి టీ తాగి రండి. మాకూ రెండు పట్టుకురండి."

అతను లేచి వెళ్ళేదాకా ఇద్దరూ కదల్లేదు.

తెర మీద ముగ్గురు కనిపించారు. మధ్యలో కూర్చున్న అధికారిణి నెమ్మదైన మనిషి. కన్నడంలో మాట్లాడింది. భయపడొద్దని, ఉన్నది ఉన్నట్లు చెప్పమని అంది. తర్వాత రికార్డింగు వేశారు.

అడ్డంగా కట్టిన నీలం చీర ముందు ప్రేమకుమారి కూర్చుని ఉంది. ఫ్యాను చప్పుడు. ప్రేమా, అని ఒక గొంతు. తెర మీది ప్రేమకుమారి తల ఎత్తింది, వెనక్కి తిరగలేదు, మళ్ళీ వంచుకుంది. ప్రేమా, అని ఇంకోసారి. తర్వాత దగ్గు. అది చాలాసేపు సాగింది. మధ్యలో ఆ పేరు సగం వినబడింది. తర్వాత ఫ్యాను చప్పుడు ఒక్కటే. ఆమె వేళ్ళు కీబోర్డు మీద ఒకసారి ఆగి, మళ్ళీ కదిలాయి. ఫర్హానా ఒళ్ళో చేతులు బిగించుకుని చూస్తూ ఉండిపోయింది. పక్కన ప్రేమకుమారి తెర వైపు చూడలేదు. టేబులు మీద ఉన్న స్టాప్లరు వైపు చూస్తూ కూర్చుంది.

"ఆ గొంతెవరిది?" అని అధికారిణి అడిగింది. "పిలవగానే మీరు తలెత్తారు. జవాబు ఏమైనా చెప్పారా?"

"మేడమ్, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నారు," అని ఫర్హానా మొదలుపెట్టింది.

"స్టూడెంటును చెప్పనివ్వండి. జబ్బు మనిషైతే మేం అర్థం చేసుకుంటాం, మళ్ళీ పరీక్ష రాసే అవకాశం ఇస్తాం. కాకపోతే ఆమె ఎవరో, ఆ సమయంలో గదిలో ఏం జరిగిందో ఒక స్టేట్‌మెంటు రాసివ్వాలి. ఇంట్లో ఇంకొకరు, మీ భర్త ఉంటే ఆయన, అది చదివి సంతకం పెట్టాలి."

"నా భర్త చదవల్లా?" అంది ప్రేమకుమారి.

"అవును. అది రూలు."

మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడైంది. బాలరాజు కాదు, కింది అంగడి కుర్రవాడెవరో. ప్రేమకుమారి ఆ చప్పుడు ఆగిపోయేదాకా విని, తెర వైపు తిరిగింది.

"పక్కింటామె మేడమ్," అంది. "నేనే పిలిపించుకోని ఉంటి. జవాబు తెలీక అడిగినా. ఆయమ్మ చెప్పింది."

"మాకు పేరు తప్ప వేరే మాటేమీ వినబడలేదే?"

"దగ్గి సైగ చేసింది."

ఫర్హానా నోరు తెరవబోయింది. టేబులు కింద ప్రేమకుమారి చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. మంచాల మీది మనుషులను ఎత్తి ఎత్తి గట్టిపడ్డ చెయ్యి. అది నొప్పి పుట్టేలా బిగిసింది. ఫర్హానా నోరు మూసుకుంది.

అధికారిణి నిట్టూర్చి పక్కవాళ్ళతో ఏదో మాట్లాడింది. ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటున్నామని, కానీ తప్పు తప్పేనని చెప్పింది. ఆ ఏడాది రాసిన పరీక్షలన్నీ రద్దు. ఇంకో రెండేళ్ళు రాయడానికి లేదు.

బాలరాజు తెచ్చిన టీ అప్పటికే చల్లారింది. ఎవరి గొంతో వినబడిందని పరీక్షలు రద్దు చేశారని ఫర్హానా చెబితే, అతను గ్లాసులు బల్ల మీద పెట్టాడు. "నేను లోపలికి వచ్చుంటే," అని ఏదో అనబోయి మానుకున్నాడు. తర్వాత భార్య భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే. రెండేండ్లు ఎంతలో అయిపోతాయి. మళ్ళీ రాస్తువులే," అన్నాడు. ప్రేమకుమారి తల ఊపింది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఫర్హానా మరుసటి రోజు నుంచే ఒక్క గది ఇళ్ళలో ఉన్న విద్యార్థులందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. ఇంట్లో పరీక్ష రాయొద్దని, హాలు కావాలని యూనివర్సిటీని అడగమని చెప్పింది. కొందరు అడిగారు. జవాబు రాలేదు. కొందరు చదువే మానేశారు. కొత్తగా వచ్చినవాళ్ళను ఆమె ఒకటే ప్రశ్న అడిగేది. మీరు లేవకూడని సమయంలో ఇంట్లో ఎవరైనా పిలిస్తే ఏం చేస్తారు? చాలామంది నవ్వేసి, పిలవకుండా చూసుకుంటాం మేడమ్ అనేవాళ్ళు. అట్లా అన్నవాళ్ళను ఆమె సాయంకాలపు కాలేజీల వైపు పంపేసేది.

"అందరికీ ఏదో ఒకటి చెప్పి పంపించేస్తున్నారు మీరు," అన్నాడు అశోక్‌కుమార్. ఈసారి ఆయన గొంతులో కోపం కూడా లేదు. "ఆ ప్రేమకుమారి రెడీగా ఉందని రాసిచ్చింది మీరే కదా. మీ అసెస్‌మెంట్ అంత కరెక్టేమీ కాదు మేడమ్."

ఫర్హానాను ఆ కుర్చీలోంచి తీసి, ఫోన్లు చేసి అడ్మిషన్లు అడిగే గదిలో కూర్చోబెట్టారు. అక్కడ కొన్నాళ్ళు చేసి మానేసింది. ఆమె వెళ్ళాక హెడ్డాఫీసు ప్రశ్నల్లో కొత్తగా ఒకటి చేర్చింది. పరీక్ష సమయంలో మీకు విడిగా గది ఉంటుందా? వచ్చినవాళ్ళందరూ ఉంటుందనే చెబుతున్నారని, తర్వాత ఆ ఆఫీసులో పనిచేసే అమ్మాయి ఒకసారి కనిపించి చెప్పింది.

ప్రేమకుమారి వార్డులోనే ఉండిపోయింది. బిల్లింగ్ కుర్చీలోకి వేరే ఎవరో వచ్చారు. మొదట్లో ఫర్హానా ఫోను చేస్తే ఎత్తేది, రెండు మాటలు మాట్లాడేది. డ్యూటీ ఎక్కువైందని, మంచాన పడ్డవాళ్ళ వార్డే కావాలని అడిగి వేయించుకున్నానని ఒకసారి చెప్పింది. ఎందుకని అడిగితే, "ఆడ ఎవరో ఒకరు పిలస్తానే ఉంటారు అక్కా," అంది. ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఫోన్లు తగ్గిపోయాయి.

రెండేళ్ళ గడువు దాటాక, రంజాన్ ముందు ఒకనాడు ఫర్హానా బట్టలు కొనడానికి ఫయాజ్‌తో చిక్కపేట వెళ్ళింది. మెట్రో స్టేషన్ దిగి సందులోకి తిరుగుతుంటే, చీరల మూట పెట్టిన తోపుడుబండి పక్కన నిలబడి ముఖం తుడుచుకుంటున్న మనిషి ఆమెను చూసి దగ్గరికొచ్చాడు. బాలరాజు. జుట్టు బాగా నెరిసింది.

"మేడమ్, బాగుండారా?" అన్నాడు. "మీరు కనిపించింది మంచిదాయె. మా ఇంట్లో ఆమెకు మీరు ఒక మాట చెప్పల్ల. రెండేండ్లు అయిపోయింది కదా, మళ్ళీ రాయి అంటే వినేలేదు. పుస్తకాలన్నీ కట్టి అటక మీద పెట్టేసింది. మీరంటే ఆమెకు గౌరవం. మీరు చెప్తే వింటాది."

ఫర్హానా, "చూద్దాం అన్నా," అంది.

"ఈ తూరి నేను ఇంట్లోనే ఉంటా. లీవు పెడతా. బయట తలుపు దగ్గర కూసుంటా, ఒక మనిషిని రానీను. చెప్పండి ఆమెకు." అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "మా అమ్మ గూడా ఆమె చదువుకి అడ్డం రాలేదు మేడమ్. ఆ దినం పరీక్ష రాస్తా ఉంటే పిలవకుండా, నిద్రలోనే పోయింది చూడండి. కోడల్ని తొందరపెట్టలేదు. అది తలుచుకుంటే నా మనసుకి ఎంతో నెమ్మది అయితాది. దాని కోసమన్నా చదవల్ల కదా ఈమె."

అంగడి లోపలి నుంచి సేఠు కేక వేశాడు. బాలరాజు వంగి, బండి కర్రలు పట్టుకుని, "చెప్తారా మేడమ్?" అన్నాడు.

"చెప్తాను," అంది ఫర్హానా.

బండి జనంలోకి వెళ్ళిపోయింది. ఎవరని ఫయాజ్ అడిగాడు. తెలిసినామె భర్త అని చెప్పింది. ఇద్దరూ అంగట్లోకి వెళ్ళారు. అంగడివాడు తానుల మీద తానులు విప్పి పరిచాడు. ఆమె ఒక్కొక్కటీ చేత్తో తాకి చూస్తూ చాలాసేపు కూర్చుంది. ఏది బాగుందని ఫయాజ్ రెండుసార్లు అడిగాక, ఏదో ఒకటి నువ్వే తీసుకో అంది.

ప్రేమకుమారికి ఆమె ఫోను చేయలేదు.